కురిసే కప్పు క్రింద

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కురుస్తున్నప్పుడు, మేస్త్రి వచ్చి బాగుచేసేవరకు అందులో కాపురం చేయడం కూడా ఆ రెండింటికీ తీసిపోని పరీక్షయే. బరంపురం పట్టణంలోని లంజిపల్లి గోపాలపూర్ సముద్రతీరానికి ఆట్టే దూరంలో లేదు. జ్యేష్ఠమాసంలో మొదలయ్యే నైరుతి ఋతుపవనాలు, ఆశ్వయుజ కార్తికాలలో వచ్చే తుఫానులు ఇక్కడి కప్పులను ఏటేటా పరీక్షిస్తూనే వచ్చాయి. ఆ పరీక్షను జనం ఎదుర్కొన్న తీరులో ఒక చరిత్ర ఉన్నది. అది గృహస్థులకెంత అవసరమో పాఠశాలలకూ అంతే అవసరం.

1867లో పురపాలక సంఘం ఏర్పడిన బరంపురం, 1936 ఏప్రిల్ 1న నాటి ఒరిస్సా రాష్ట్రం అవతరించే వరకు మద్రాసు రాజధానిలో భాగంగా ఉండేది. రాజధాని అంతటా కనిపించిన మూడు రకాల కప్పులే ఇక్కడివారికీ పరిచితాలు. మొదటిది గడ్డికప్పు. రెండవది పెంకు. కుమ్మరి సారెపై చేసిన గూనపెంకుకు తోడు, 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో ప్రారంభించిన కర్మాగారంతో ప్రచారంలోకి వచ్చిన పలక పెంకు క్రమంగా తీరమంతా పాకింది. తెలుగువారు దానినే బెంగుళూరు పెంకు అంటారు. మూడవది మద్రాసు టెర్రేసు. టేకు దూలాలపై పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో బిగించి, ఆపైన ఇటుకముక్కల సున్నపు గచ్చును దిమ్మిసతో కొట్టేవారు. ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం ఊరిన నీటిని కలిపేవారు.

ఈ మూడింటిలో ఏదీ ఒకసారి కట్టి మరచిపోదగినది కాదు. గడ్డి కుళ్ళుతుంది. పెంకు కోతుల వల్ల, గాలి వల్ల జరుగుతుంది. గచ్చు ఎండకు బీటలు వారుతుంది. కనుక రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలోనే, మృగశిర ప్రవేశించకముందే, పెంకు తిరగవేయించుకోవడం గృహధర్మంగా భావించేవారు. ఏటా ఒక మనిషి కప్పెక్కి చూడడం వలన ఏ వాసం పుచ్చిందో, ఏ పెంకు పగిలిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. వాన నడుమ కప్పు కురిసినా దాని గుట్టు ముందే తెలుసు గనుక భయపడేవారు కారు. చుక్క పడేచోట బిందెనో గంగాళమో పెట్టి, ధాన్యాన్ని గట్టున పెట్టి, తెరపి కోసం వేచి ఉండేవారు.

తరువాత సిమెంటు శ్లాబు వచ్చింది. దానితో పాటు, కప్పు ఇక శాశ్వతమన్న ధీమా వచ్చింది. ఏటా కప్పెక్కే అలవాటు తగ్గింది. శ్లాబుకూ ఆయుస్సున్నది. పగుళ్ళలో దిగిన నీరు లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, క్రిందనున్న కాంక్రీటును పెచ్చులుగా రాలగొడుతుంది. పైగా నీరు దిగినచోటే చుక్క పడదు. అది వాలు వెంబడి పాకి మరెక్కడో కారుతుంది. అందువలననే లోపలి మరకను చూచి చేసిన మరమ్మతులు తరచు వ్యర్థమవుతాయి.

గంజాం సీమను ఇటీవలి కాలంలో కలచివేసిన మూడు తుఫానులూ శరన్నవరాత్రుల రోజులలోనే రావడం గమనార్హం. 1999 అక్టోబరు 17న ఒకటి గోపాలపూర్ వద్ద తీరం దాటింది. ఆ దెబ్బ నుండి తేరుకోకముందే, అదే నెల 29న పారాదీప్ ప్రాంతాన్ని ముంచిన పెనుతుఫానులో సుమారు 10 వేలమంది మరణించారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో గోపాలపూర్‌నే తాకింది. ముందుగా సుమారు 10 లక్షలమందిని తరలించినందువలన ప్రాణనష్టం పదుల సంఖ్యతో ఆగింది. కాని కప్పులను తరలించలేరు కదా! 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ గంజాం, గజపతి జిల్లాలను మళ్ళీ తడిపింది.

తుఫాను ఒక రాత్రిలో పోతుంది. మరమ్మతు కోసం నిరీక్షణ నెలలు పడుతుంది. ఊరంతా ఒకేసారి పెంకులు, రేకులు, మేస్త్రీలు కావాలంటే దొరకరు. తడిసిన గచ్చుపై క్రొత్త పూత అంటుకోదు గనుక డబ్బున్నవారు సైతం ఆరేవరకు ఆగవలసిందే. ఫైలిన్ తరువాత 2014లో ప్రపంచబ్యాంకు సహాయంతో చేపట్టిన పునర్నిర్మాణంలో ఇళ్ళ సొమ్ము విడతల వారీగా అందింది. అంతవరకు పాలిథీన్ పట్టాయే ఎందరికో కప్పు అయింది.

ఆ నిరీక్షణ కొన్ని మెలకువలను నేర్పింది. పట్టాను కన్నం మీద మాత్రమే కప్పితే దాని అడుగుగా నీరు దిగుతుంది. వెన్నుగోడ దాటించి ఆవలి వాలు మీదికి కూడా వేయాలి. గాలికి ఎగిరి తలపై పడే ఇటుకల కన్న ఇసుక బస్తాల బరువు మేలు. చుక్క పడేచోట నుండి బిందెలోకి ఒక దారం వ్రేలాడగడితే నీరు చిందకుండా దారం వెంబడి దిగుతుంది. తడిసిన గోడలోని విద్యుత్తును మెయిన్ వద్దనే ఆపివేయాలి. రిజిస్టర్లున్న బీరువాను గోడకు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచాలి. బల్ల విరిగితే మరొకటి చేయించవచ్చు. ఒడిశాలో తెలుగు చదివిన పిల్లల పేర్లున్న పాత రిజిస్టరు తడిసి చెడితే, దానిని తిరిగి వ్రాయగలవారుండరు.

అన్నింటికంటె ముఖ్యమైన మెలకువ మరొకటి ఉన్నది. ఓర్చుకోదగిన కురుపు వేరు, ఓర్చుకోరాని కురుపు వేరు. చుక్కలు పడే గదిలో బల్లలు ప్రక్కకు జరిపి పాఠం సాగించవచ్చు. పెచ్చులు రాలుతున్నా, దూలం వంగినా, శ్లాబు అడుగు ఉబ్బినా ఆ గదికి ఆనాడే తాళం వేయాలి. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. మంజూరు పత్రం వచ్చేవరకు పిల్లలు చెట్టు క్రింద చదువుకున్నా నష్టం లేదు.

డెబ్బదియైదేండ్లు నిలిచిన ఏ విద్యాలయమైనా ఎన్నో వానలను దాటి వచ్చినదే. బిందె పెట్టినవారు, బల్ల జరిపినవారు, రిజిస్టరును గుండెకు హత్తుకొని మరో గదికి చేర్చినవారు శిలాఫలకాలకెక్కరు. ప్రతి వేసవిలో, రోహిణి కార్తె దాటకముందు, పూర్వవిద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి ఒక్కసారి కప్పెక్కి చూడడమే అట్టివారికి తగిన కృతజ్ఞత.