జీపులో కంచు బుష్షు

సంచౌంగ్‌లో పాత విల్లీస్ జీపు కనబడితే నా చూపు ముందు ఇరుసు మీదికే పోతుంది. స్టీరింగ్ కదలికను రెండు చక్రాలకూ పంచే బెల్‌క్రాంకు అక్కడే ఉంటుంది. దాని నీడిల్ బేరింగులు అరిగితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి వెంటనే మాట వినదు.

రెండో ప్రపంచయుద్ధం తెచ్చిన బండ్లివి. 1962లో నే విన్ అధికారం చేపట్టాక దిగుమతులు బిగుసుకుపోయి, విడిభాగాలకు కరువొచ్చింది. బేరింగు దొరకనప్పుడు దారి ఒకటే: కంచు కడ్డీని లేతు మీద బుష్షుగా తీసి, బిగించి, పిన్ను వదులూ బిగువూ లేకుండా తిరిగేలా రీమరుతో సరిచేయాలి.

2011లో ప్రభుత్వం 40 ఏళ్లు దాటిన బండిని అప్పగిస్తే కారు దిగుమతికి పర్మిట్ ఇస్తానంది. బండి కన్నా కాగితం ఖరీదైంది. తుక్కుకు వెళ్లిన బండ్లతో వాటిని నిలబెట్టిన పనితనమూ పోయిందనే నా బాధ.