ఆడమ్ గిల్‌క్రిస్ట్

ఆడమ్ క్రెయిగ్ గిల్‌క్రిస్ట్ (జననం: 1971 నవంబరు 14) ఆస్ట్రేలియా జట్టు తరఫున 1996 నుంచి 2008 వరకు అంతర్జాతీయ క్రికెట్ ఆడిన వికెట్ కీపర్, ఎడమచేతి వాటం బ్యాటర్. టెస్టుల్లో ఎక్కువగా ఏడో స్థానంలోనూ, వన్డేల్లో ఓపెనర్‌గానూ బరిలోకి దిగిన ఇతడు 96 టెస్టుల్లో 5,570 పరుగులు, 287 వన్డేల్లో 9,619 పరుగులు చేశాడు. 1999, 2003, 2007 ప్రపంచ కప్పులను వరుసగా గెలిచిన మూడు జట్లలోనూ సభ్యుడు. 2009లో హైదరాబాద్ ఫ్రాంచైజీ డెక్కన్ చార్జర్స్‌ను ఐపీఎల్ విజేతగా నిలిపిన సారథిగా తెలుగువారికి అతడు మరింత దగ్గరయ్యాడు.

వికెట్ కీపర్ అంటే స్టంపుల వెనుక చేతికి గ్లవ్స్ తొడుక్కొని కాపు కాసే ఆటగాడు; బ్యాటు అంచును తాకి వచ్చిన బంతిని ఒడిసిపట్టడం, బ్యాటర్ క్రీజు వదిలి ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయినప్పుడు బెయిల్స్ పడగొట్టి స్టంపింగ్ చేయడం అతని ప్రధాన బాధ్యతలు. టెస్టుల్లో రోజుకు 90 ఓవర్లు, అంటే 540 బంతులకు గొంతుక్కూర్చొని లేవాల్సిన ఈ పని ఒళ్లు హూనం చేస్తుంది కనుక, కీపర్ చేసే పరుగులు కొసరే తప్ప అసలు కాదన్నది చాలాకాలం సాగిన ఆనవాయితీ. ఆస్ట్రేలియాలో ఆ పనికి కొలమానంగా నిలిచిన రాడ్ మార్ష్, ఇయాన్ హీలీల టెస్టు బ్యాటింగ్ సగటు 26, 27 పరుగుల దగ్గరే ఆగింది. అయినా అది లోపమని ఎవరూ అనుకోలేదు. ఇంగ్లండ్‌కు లెస్ ఏమ్స్, భారత్‌కు ఫరూక్ ఇంజనీర్, జింబాబ్వేకు ఆండీ ఫ్లవర్ వంటి కీపర్లు బ్యాటుతోనూ పేరు తెచ్చుకున్నప్పటికీ, వారిని చూసి మిగతా దేశాలు తమ కీపర్ల ఎంపిక పద్ధతిని మార్చుకోలేదు. ఆ మార్పు గిల్‌క్రిస్ట్‌తో వచ్చింది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని బెల్లింజెన్‌లో, బడిపంతులైన స్టాన్ గిల్‌క్రిస్ట్ నలుగురు సంతానంలో చివరివాడిగా పుట్టిన ఆడమ్ బాల్యం తండ్రి ఉద్యోగం వెంట చిన్న చిన్న ఊళ్లలో గడిచింది. 1992-93లో న్యూ సౌత్ వేల్స్ జట్టులో చోటు దొరికినా అక్కడ గ్లవ్స్ ఫిల్ ఎమెరీవి కావడంతో, అతడు కేవలం బ్యాటర్‌గానే ఆడాల్సి వచ్చింది. స్టంపుల వెనుక స్థానం కోసం 1994లో దేశానికి ఆ చివరన ఉన్న పెర్త్‌కు మారి, వెస్టర్న్ ఆస్ట్రేలియా జట్టులో టిమ్ జోరర్ స్థానంలోకి వచ్చినప్పుడు, తమవాడిని తప్పించారన్న కోపంతో స్థానిక అభిమానులు అతడిని చాలాకాలం అక్కున చేర్చుకోలేదు. దేశవాళీ టెస్టు తరహా పోటీ అయిన షెఫీల్డ్ షీల్డ్ 1995-96 ఫైనల్లో, అడిలైడ్‌లో, 187 బంతుల్లో అజేయంగా చేసిన 189 పరుగులతో అతని పేరు దేశమంతటికీ తెలిసింది.

1996 అక్టోబరులో ఫరీదాబాద్‌లో దక్షిణాఫ్రికాపై తొలి వన్డే ఆడిన గిల్‌క్రిస్ట్, మరుసటి ఏడాది వన్డేలకూ టెస్టులకూ వేర్వేరు జట్లను ఎంపిక చేసే విధానం రావడంతో పరిమిత ఓవర్ల జట్టులో హీలీ స్థానాన్ని స్థిరంగా అందుకున్నాడు. 1998 జనవరిలో ముక్కోణపు టోర్నీ ఫైనల్స్‌లో మార్క్ వాకు జోడీగా ఇన్నింగ్స్ ఆరంభించే అవకాశం రాగా, ఓపెనర్‌గా రెండో మ్యాచ్‌లోనే సిడ్నీలో శతకం చేయడంతో వన్డేల్లో అతని స్థానం తేలిపోయింది.

టెస్టు ద్వారం మాత్రం ఆలస్యంగా, 28వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు, 1999 నవంబరు 5న బ్రిస్బేన్‌లో పాకిస్తాన్‌పై తెరుచుకుంది. బ్రిస్బేన్ హీలీ సొంత మైదానం. అక్కడే వీడ్కోలు టెస్టు ఆడాలన్న హీలీ కోరిక తీరలేదు కనుక, కొత్త కీపర్‌కు గ్యాలరీల నుంచి దక్కిన స్వాగతం చప్పగా ఉంది. 88 బంతుల్లో 81 పరుగులతో గిల్‌క్రిస్ట్ దానికి జవాబిచ్చినా, అసలు పరీక్ష తర్వాతి టెస్టులో, హోబర్ట్‌లో ఎదురైంది. నాలుగో ఇన్నింగ్స్‌లో 369 పరుగులు చేయాల్సి ఉండగా, 126 పరుగులకే సగం జట్టు పెవిలియన్ చేరింది. ఎదురుగా వసీం అక్రమ్, వకార్ యూనిస్, షోయబ్ అక్తర్, సక్లయిన్ ముస్తాక్. అటువంటి బౌలింగ్‌పై జస్టిన్ లాంగర్‌తో కలిసి ఆరో వికెట్‌కు 238 పరుగులు జోడించి, తాను 149 పరుగులతో అజేయంగా నిలిచి నాలుగు వికెట్ల విజయం అందించాడు. రెండో టెస్టు ఆడుతున్న కీపర్ ఓడిపోయిన మ్యాచ్‌ను వెనక్కి లాక్కురావడం చూశాక, హీలీ తర్వాత ఎవరన్న ప్రశ్న మళ్లీ తలెత్తలేదు.

అతని విజయానికి ఏడో స్థానమే కీలకం. ఐదు వికెట్లు పడగొట్టిన జట్టు సహజంగా ఇక ఇన్నింగ్స్ ముగింపునకు వచ్చిందని భావిస్తుంది. బౌలర్లు అప్పటికే అలసి ఉంటారు, బంతి మెత్తబడి ఉంటుంది, ఫీల్డర్లు క్యాచ్‌ల కోసం బ్యాటర్ చుట్టూ మోహరించి ఉంటారు. సరిగ్గా ఆ ఘడియలో వచ్చి, బ్యాటు పిడిని బాగా పైభాగాన పట్టుకొని, చేతులు పూర్తిగా చాచి బంతిని విసురుగా కొట్టే గిల్‌క్రిస్ట్ గంటన్నరలో ఆ లెక్కలన్నీ తారుమారు చేసేవాడు. 2001లో ముంబయిలో ఆస్ట్రేలియా 99 పరుగులకు ఐదు వికెట్లు కోల్పోయినప్పుడు, స్పిన్నర్లకు అనుకూలించే పిచ్‌పై 112 బంతుల్లో 122 పరుగులు చేసి, మాథ్యూ హేడెన్‌తో 197 పరుగులు జోడించడం దీనికి చక్కటి నిదర్శనం. మరుసటి ఏడాది జొహానెస్‌బర్గ్‌లో 213 బంతుల్లో అజేయంగా చేసిన 204 పరుగులు అప్పటికి టెస్టు చరిత్రలో అత్యంత వేగవంతమైన ద్విశతకం. కొద్ది వారాల్లోనే న్యూజిలాండ్ ఆటగాడు నేథన్ ఆస్టల్ దాన్ని దాటేశాడు. స్ట్రైక్ రేటు, అంటే సగటున వంద బంతులకు చేసే పరుగులు, టెస్టుల్లో 50 ఉంటే చాలనుకునే రోజుల్లో 82కు దగ్గరగా ఆడుతూ 47.60 సగటును నిలబెట్టుకోవడమే గిల్‌క్రిస్ట్ గొప్పతనం. టెస్టుల్లో వంద సిక్సర్లు కొట్టిన మొదటి ఆటగాడు కూడా అతడే.

ఈ ధాటికి పగ్గాలు వేసినవారు లేకపోలేదు. ముంబయి తర్వాతి టెస్టులోనే, వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులతో చిరస్మరణీయమైన కోల్‌కతాలో, హర్భజన్ సింగ్ హ్యాట్రిక్‌లో ఒకడిగా మొదటి ఇన్నింగ్స్‌లోనూ, సచిన్ టెండూల్కర్ బౌలింగ్‌లో రెండో ఇన్నింగ్స్‌లోనూ తొలి బంతికే వెనుదిరిగాడు. ఆడిన మొదటి 15 టెస్టుల్లోనూ గెలుపే చూసిన అతనికి అదే తొలి ఓటమి. 2005 యాషెస్ సిరీస్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఆండ్రూ ఫ్లింటాఫ్ రౌండ్ ద వికెట్ వచ్చి, అంటే అలవాటుకు భిన్నంగా స్టంపుల అవతలి వైపు నుంచి బంతి వేసి, చేతులు చాచే వీలు లేకుండా కట్టడి చేయగా, ఐదు టెస్టుల్లో ఒక్క అర్ధశతకమైనా చేయలేకపోయాడు. దానికి బదులు 2006 డిసెంబరులో పెర్త్‌లో ఇంగ్లండ్‌పై 57 బంతుల్లో చేసిన శతకం. టెస్టుల్లో అత్యంత వేగవంతమైన శతకంగా అప్పటికి ఉన్న వివియన్ రిచర్డ్స్ రికార్డుకు అది ఒక్క బంతి దూరంలో ఆగింది.

బ్యాటింగ్ వెలుగులో అతని కీపింగ్‌కు రావాల్సినంత పేరు రాలేదనే చెప్పాలి. ఒకవైపు బ్రెట్ లీ వేగం, మరోవైపు బొంగరంలా తిరిగే షేన్ వార్న్ లెగ్ స్పిన్. ఈ రెండింటినీ ఏళ్ల తరబడి కాచుకోవడం సామాన్యమైన విషయం కాదు. హీలీ అంత సొగసు అతని గ్లవ్స్‌లో లేకపోయినా, టెస్టుల్లో 379 క్యాచ్‌లు, 37 స్టంపింగ్‌లు, వన్డేల్లో మొత్తం 472 అవుట్లు ఆ పనితనానికి సాక్ష్యాలు.

రికీ పాంటింగ్ బొటనవేలి గాయంతో దూరమవడంతో 2004లో భారత పర్యటనకు సారథ్యం వహించిన గిల్‌క్రిస్ట్, తన బ్యాటింగ్ తీరుకు పూర్తి భిన్నంగా, ఆరంభం నుంచే బౌండరీల వద్ద ఫీల్డర్లను ఉంచి, ఓపికగా స్టంపుల మీదికే బంతులు వేయించే వ్యూహం అమలుచేశాడు. బెంగళూరు, నాగ్‌పూర్ టెస్టులు గెలవడంతో 35 ఏళ్ల తర్వాత ఆస్ట్రేలియా భారత గడ్డపై సిరీస్ సాధించింది.

మూడు ప్రపంచ కప్ ఫైనల్స్‌లోనూ అతడు అర్ధశతకం దాటాడు: 1999లో 54, 2003లో భారత్‌పై 57, 2007లో బ్రిడ్జ్‌టౌన్‌లో శ్రీలంకపై 104 బంతుల్లో 149. చివరిది ప్రపంచ కప్ ఫైనల్స్‌లో అత్యధిక వ్యక్తిగత స్కోరు. కింది చేయి పిడిని మరీ బిగించి పట్టకుండా ఉండేందుకు ఎడమ గ్లవ్‌లో స్క్వాష్ బంతి పెట్టుకొని ఆ రోజు ఆడాడు. శిక్షకుడు బాబ్ మ్యూల్మన్ చెప్పిన ఈ చిట్కాపై అభ్యంతరాలు వచ్చినా, నియమాలకు అది విరుద్ధం కాదని క్రికెట్ చట్టాల సంరక్షక సంస్థ ఎంసీసీ స్పష్టం చేసింది. 2003 సెమీఫైనల్లో అరవింద డిసిల్వా బౌలింగ్‌లో అంపైర్ నాటౌట్ అన్నా, బంతి తన బ్యాటును తాకిందని తెలిసి తానే నడిచి వెళ్లిపోయాడు. గెలుపు తప్ప మరేదీ లెక్కచేయని జట్టుగా పేరుపడ్డ ఆస్ట్రేలియాలో, అంత పెద్ద మ్యాచ్‌లో తీసుకున్న ఆ నిర్ణయం అతని రికార్డులన్నింటితో సమానంగా గుర్తుంచుకోదగినది.

2008 జనవరిలో అడిలైడ్ టెస్టులో బ్రెట్ లీ బౌలింగ్‌లో లక్ష్మణ్ ఇచ్చిన సులువైన క్యాచ్ జారవిడిచిన క్షణంలోనే తన కాలం ముగిసిందని గ్రహించి, అదే మ్యాచ్ మధ్యలో రిటైర్మెంట్ ప్రకటించాడు. అరంగేట్రం నుంచి ఒక్కటీ తప్పకుండా వరుసగా 96 టెస్టులు ఆడిన కెరీర్ అలా ముగియగా, కొద్ది నెలలకే అదే లక్ష్మణ్ సారథ్యంలో డెక్కన్ చార్జర్స్‌కు ఆడి, ముంబయి జట్టుపై 42 బంతుల్లో శతకం కొట్టాడు. ఆ ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు, 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అతని నాయకత్వంలో, వేణుగోపాలరావు, సుమన్ వంటి తెలుగు ఆటగాళ్లతో కలిసి కప్పు గెలిచింది. సెమీఫైనల్లో ఢిల్లీపై 35 బంతుల్లో 85 పరుగులు చేసిన గిల్‌క్రిస్ట్ ఫైనల్లో సున్నాకే వెనుదిరిగినా, బెంగళూరుపై జట్టు ఆరు పరుగుల తేడాతో నెగ్గింది. పోటీ ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది. 2013లో పంజాబ్ జట్టుతో ఐపీఎల్‌కూ వీడ్కోలు పలికాడు.

గిల్‌క్రిస్ట్ తర్వాత ధోనీ, ప్రయర్, డికాక్, పంత్ వంటివారి వరుస మొదలైంది; కీపర్ పరుగులు కొసరు కావడం ఆగిపోయింది. ఈ కొత్త కొలమానం కేవలం గ్లవ్స్ నైపుణ్యంతో రాణించేవారికి కఠినమైనది. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ అయిన విశాఖపట్నం ఆటగాడు కె.ఎస్. భరత్, 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియాపైనే టెస్టుల్లో అడుగుపెట్టి, స్పిన్ పిచ్‌లపై కీపింగ్‌కు ప్రశంసలు అందుకున్నప్పటికీ, ఏడు టెస్టుల్లో ఒక్క అర్ధశతకమూ నమోదు కాకపోవడంతో 2024లో ధ్రువ్ జురెల్‌కు స్థానం వదులుకోవాల్సి వచ్చింది.