గొలుసు, చుక్క, ఉపగ్రహం

క్షేత్రమనే మాటకు మనకు రెండర్థాలున్నవి. ఒకటి పొలం, రెండవది గీతల నడుమ చిక్కిన ఆకృతి. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెనిగించినప్పుడు క్షేత్రగణితమన్నది ఈ రెండవ అర్థంలోనే. కాని పొలం కొలువవలసిన పని లేకుంటే ఆ గణితం పుట్టేదా అని నాకెప్పుడూ సందేహమే. జీవితమంతా ఛందస్సు, సమాసాలు చెప్పినవాణ్ణి, లెక్కలు నావి కావు. అయినా మార్కాపురం, గిద్దలూరుల నడుమనున్న మా పల్లెకు రీసర్వే వచ్చి, మా మెట్ట చేని గట్టు మీద ఒక కుర్రవాడు కొన తెల్లని గొడుగులా ఉన్న కర్ర నిలబెట్టిన నాటి నుండి ఈ కొలతల చరిత్ర నన్ను పట్టుకున్నది.

ఈ చరిత్ర చాలా పాతది. ఎర్రగుడి అశోకుని లఘు శిలాశాసనంలో రాజూకుడనే ఉద్యోగి కనబడతాడు. రజ్జువు, అంటే త్రాడు, పట్టేవాడు గనుక ఆ పేరు వచ్చిందని పండితుల మాట. ఎర్రగుడి కర్నూలు జిల్లాలోనిది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కూడా 1970లో ఒంగోలు జిల్లా (1972 నుండి ప్రకాశం) ఏర్పడేవరకు ఆ కర్నూలు జిల్లాలోనివే. కనుక మా సీమలో త్రాడు పట్టిన ఉద్యోగి వయస్సు రెండువేల యేండ్ల పైమాటే అని చెప్పుకుంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

నడుమ కాలాన్ని దాటి 1800కు వస్తాను. ఆ సంవత్సరం నిజాము కంపెనీకి వదలుకొన్న దత్తమండలాలలో మా కంభం సీమ కూడా ఉన్నది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉండి, పొలం పొలాన్నీ కొలిపించాడు. అతని సర్వేయర్ల గొలుసు ముప్పైమూడు అడుగులు. దాన్ని దానితో గుణిస్తే 1,089 చదరపుటడుగులు, అది ఒక గుంట. నలభై గుంటలు 43,560, సరిగ్గా ఒక ఎకరం. ఈ లెక్క మొదటిసారి వేసి చూసుకున్నప్పుడు, యతి కుదిరిన పద్యం చదివినట్లు సంతోషం కలిగింది.

అదే కాలంలో, 1802 ఏప్రిల్‌లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర విలియం లాంబ్టన్ మరొక కొలత మొదలుపెట్టాడు. అతనికి ఎవరి పొలమూ అక్కరలేదు, భూగోళపు ఆకారం కావాలి. ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలవడానికి యాభై ఏడు రోజులు పట్టింది. ఎండకు ఉక్కు గొలుసు సాగుతుందని దానికి నీడ పట్టించాడు. తరువాత అర టన్ను బరువున్న థియొడొలైటును కొండల మీదికీ, గోపురాల మీదికీ ఎక్కించి కోణాలు కొలుస్తూ దేశమంతా త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. ఆ పని ఘనమైనదే. కాని మా రైతుకు బ్రతుకు తెరువు చూపిందీ, తగవు తెచ్చిందీ ఆ త్రిభుజాలు కావు, ఊరి గొలుసు.

ఊరి గొలుసు అంటే నేను చిన్ననాడు చూచినది అరవైయారు అడుగులది, నూరు లింకులు. వేయి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష అయితే ఎకరం. కరణంగారు చెట్టు నీడన కూర్చుంటే, గొలుసు లాగేవాళ్ళు ఎండలో కంది మోళ్ళ మీద నడిచేవారు. పొలాన్ని త్రిభుజాలుగా కోసి, మధ్య గీత నుండి మూలలకు లంబాలు కొలిచి ఎఫ్ఎంబీలో అంకెలు వేసేవారు. గొలుసుకు ఉన్న రోగమల్లా అరుగుదల. వాడగా వాడగా ఒక్కొక్క కడియం దగ్గర వెంట్రుకవాసి ఒరిసిపోయినా, నూరు లింకులకూ కలిసి గొలుసు పెరుగుతుంది. పెరిగిన గొలుసుతో కొలిస్తే పొలం తరుగుతుంది. గొలుసు బాగుంటే లాగేవాని చేయి బాగుండదు.

ఇక గొడుగు కర్ర సంగతి. సర్వేయరు దాన్ని రోవర్ అన్నాడు. సుమారు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ గడియారపు సమయాన్ని నిరంతరం చాటుతూ ఉంటవి. ఆ మాట ఇక్కడికి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమెక్కడ ఉన్నామో తేలుతుంది. అమెరికావారి జీపీఎస్ 1995కు పూర్తి స్థాయికి వచ్చింది. 2000 మే వరకు సామాన్యులకు అందే సంకేతాన్ని వారు కావాలనే మసకబార్చి ఇచ్చేవారు. మన దేశం సొంతంగా ఇటువంటి ఉపగ్రహాలలో మొదటిదాన్ని 2013 జులైలో మా పొరుగు నెల్లూరు సీమ శ్రీహరికోట నుండే పంపింది.

నాకు వింత గొలిపిన విషయమిది. లాంబ్టన్ కోణాలు కొలిచాడు. ఉపగ్రహం కోణం జోలికి పోదు, దూరాలే కొలుస్తుంది. అంటే అది థియొడొలైటు సంతతి కాదు, మా కరణంగారి గొలుసు సంతతి.

అయితే చేతిలోని ఫోను చూపే స్థానంలో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. గట్టు వెడల్పు మూరెడు, ఆ తేడాలో రెండు గట్లు మునిగిపోతవి. అందుకే 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో ఆంధ్రప్రదేశ్ రీసర్వే మొదలైనప్పుడు, భారత సర్వే సంస్థ సహకారంతో రాష్ట్రమంతటా కార్స్ అనే స్థిర కేంద్రాలు డెబ్బై నెలకొల్పారు. కేంద్రం తానున్న చోటు ముందే తెలిసినది. ఉపగ్రహం తనకు చెప్పినదానిలో తప్పెంతో చూచి, ఆ దిద్దుబాటును రోవర్‌కు పంపుతుంది. వ్యాకరణం తెలిసిన పెద్ద విద్యార్థిని ప్రక్కన కూర్చోబెట్టుకొని చిన్నవాని వ్యాసం దిద్దించినట్లన్నమాట. తేడా అయిదు సెంటీమీటర్ల లోపలికి వస్తుంది. మా నాయన కాలంలో రెండు దినాల పని ఆ కుర్రవాడు టీ చల్లారే లోపల ముగించాడు.

ఇంతవరకు అంతా బాగున్నది. కర్ర నాటే ముందు ఆ కుర్రవాడు నన్నడిగిన మాట, "అయ్యవారూ, మీ గట్టు ఎక్కడిదాకానో చూపించండి."

చూపించాను. ప్రక్క చేనువాళ్ళు అక్కడ లేరు. ఆ ఇంటి పెద్ద పోయి చాలా కాలమైంది. కొడుకు హైదరాబాదులో తాపీ పని. మా పడమటి పల్లెలలో సగం ఇళ్ళకు తాళాలే, వానలు లేని ఏడు మరీను. నోటీసు తలుపుకు అంటించారు. తలుపు చదువుకోవాలి.

మా ప్రాంతంలో చుక్కల భూముల సంగతి తెలియనివారుండరు. వెనుకటి సెటిల్మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరుండవలసిన గడిలో కొన్ని సర్వే నంబర్ల కెదురుగా ఒట్టి చుక్కలున్నవి. "ఇది ఎవరిది?" అని అడిగిననాడు ఎదుట నిలిచి "నాది" అన్నవాడు లేక గుమాస్తా చుక్కలు పెట్టి ముందుకు పోయాడని పెద్దలు చెబుతారు. తరాల పాటు దున్నుకున్నవారి మనుమలు అమ్మబోతే, ఆ భూమి 22-ఎ నిషేధిత జాబితాలో తేలింది. దాన్ని సరిదిద్దడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. ఆ పొలాల కొలత తప్పు కాదు. మన్రో గొలుసైనా, తరువాతి గొలుసైనా తన పని తాను చేసింది. ఆ ఉదయం ఆ రైతు కూలికో, ఆసుపత్రికో, కంభం సంతకో పోయి ఉంటాడు. అంతే.

ఉపగ్రహం ఈ ఒక్క లోటు తీర్చలేదు. అది గట్టు ఎక్కడున్నదో సెంటీమీటరు వాసి చెబుతుంది. గట్టు ఎక్కడుండాలో దానికి తెలియదు. పైగా, పూర్వం రెండు దినాలు గొలుసు లాగుతుంటే ఊరంతా మూగేది, అడ్డం మాట్లాడేవాడు ఎవడో ఒకడు వచ్చేవాడు. ఇప్పుడు పని ఎంత త్వరగా సాగితే అడ్డం చెప్పేవానికి వ్యవధి అంత తక్కువ. 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఊరూరా గ్రామసభలు పెట్టి ఫిర్యాదులు విన్నప్పుడు విస్తీర్ణాల తేడాల మీద వచ్చిన అర్జీలు చూస్తే, యంత్రం కంటె ఈ వ్యవధి సంగతే నాకెక్కువ కనబడింది.

నాలుగు దినాల తరువాత నా ఖాతా చూచుకుంటే మా చేను మూడు సెంట్లు పెరిగింది. పాత ఎఫ్ఎంబీ నకలు తీసి పెట్టుకొని లెక్క వేశాను. గట్టు ఒక కొన సరిగానే ఉన్నది. రెండవ కొన పన్నెండు లింకులు ప్రక్క చేనిలోనికి జరిగింది. పొడవు అయిదు వందల లింకులు. పన్నెండు అయిదు వందలు ఆరు వేలు, త్రిభుజం గనుక అందులో సగం. మూడు వేల చదరపు లింకులు, మూడు సెంట్లు. మా నాయనా, ఆ తరువాత మా చేను కౌలుకు చేసినవారూ ఏటా ఒక చాలు చొప్పున అటు జరిగి ఉంటారు. ఎవరూ దొంగతనమనుకొని చేసి ఉండరు. కాని గట్టు చూపించిన వ్రేలు నాది.

ప్రక్క చేనివారి అబ్బాయికి ఫోను చేశాను. అతనికి మూడు సెంట్ల కంటె రెండు రోజుల కూలి, బస్సు చార్జీ పెద్దవి. "మీరే చూసి రాయించండి అయ్యోరా" అన్నాడు. అది కుదరదు, నీవు వచ్చి నిలబడాలన్నాను. ఆదివారం వచ్చాడు. ఇద్దరం పారతో మూలన తవ్వితే, తుమ్మ వేళ్ళ నడుమ మూరెడు లోతున పాత సర్వే రాయి తల కనబడింది. ఆ రాళ్ళను కాపాడే బాధ్యత 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం పట్టాదారు మీదనే పెట్టింది. మా నాయనకు ఆ సంగతి తెలుసో లేదో. సర్వేయరు అప్పటికి వేరే ఊరికి మారిపోయాడు. ఇద్దరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాము. అతడు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. తొలకరికి గట్టు వెనక్కి వేయించాలి, ట్రాక్టరు అతనికి చెప్పి ఉంచాను.