ఎరుక సాధన, వ్యాయామ విద్య

ఎరుక సాధన అంటే శ్వాసను, కదలికలను, వచ్చిపోయే ఆలోచనలను మంచిచెడ్డలు ఎంచకుండా గమనించే అభ్యాసం. దీని మూలం బౌద్ధుల సతిపట్ఠానం. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో దీన్ని 8 వారాల శిక్షణగా మలిచారు. మన దగ్గర చూస్తే, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో (స్థాపన 1926) మనస్తత్వ శాస్త్రవేత్త కె. రామకృష్ణారావు చొరవతో యోగ, చైతన్య అధ్యయన సంస్థ ఏర్పడింది. కేంబ్రిడ్జిలో 616 మంది విద్యార్థులతో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎరుక సాధనలో శిక్షణ పొందినవారికి పరీక్షల రోజుల్లో మానసిక వ్యథ తక్కువగా కనిపించింది. ఇక వ్యాయామం సంగతికొస్తే, కళ్లు మూసుకు కూర్చుంటే ఒళ్లు గట్టిపడుతుందా అన్న ఆక్షేపణ సబబే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన వారానికి 150–300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం లెక్కలోకి కూర్చుని చేసే ధ్యానం రాదు. అయితే సూర్యనమస్కారంలో ముందుకు వంగుతూ ఊపిరి విడుస్తారు, లేస్తూ పీలుస్తారు; దృష్టి ఆ ఊపిరి మీదే నిలిస్తే రెండు పనులూ ఒకేసారి సాగుతాయి. అందుకు కొబ్బరితోటలో చాప పరిచేంత జాగా చాలు.