పాత కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ: ముందు ఫైళ్లు కాపాడుకోండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 లేని పాత సిస్టమ్‌లకు విండోస్ 11 అధికారికంగా రాదు. అలాగని నల్లగొండ జిల్లా చిట్యాలలో ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను పక్కన పడేయాల్సిన పని లేదు. ఉర్దూ టైపింగ్ ఇన్‌పేజ్, దుకాణం లెక్కల ట్యాలీ విండోస్ కోసం తయారైనవి. వాటికి విండోస్ ఉంచుకుని, నెట్ పనులకు ఉచితంగా దొరికే ఉబుంటు లేదా లినక్స్ మింట్ పక్కనే వేసుకోవచ్చు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

1. నిఖా ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాలి.
2. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి.
3. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి 40 జీబీ దాకా ఖాళీ చేయాలి.
4. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్‌తో లినక్స్ ఎక్కించాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.
5. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకోవాలి. పొరపాటున 'ఎరేస్ డిస్క్' నొక్కితే విండోస్‌తో పాటు ఫైళ్లన్నీ పోతాయి.

మధ్యలో కరెంటు పోకుండా చూసుకోవాలి. ఆ తర్వాత సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా గ్రబ్ మెనూ వస్తుంది. ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు, కానీ ఒకసారికి ఒక్కటే నడుస్తుంది.