టెలిస్కోప్ అనే మాట

టెలిస్కోప్ అనే మాట ఎలా పుట్టిందో చూద్దాం. 1608లో హాలండులో కళ్లద్దాలు చేసే హాన్స్ లిప్పర్‌షే ఈ పరికరానికి పేటెంటు అడిగాడు. మరుసటి ఏడు గెలీలియో దాన్ని మెరుగుపరిచాడు. 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను దానితోనే చూశాడు. అప్పటికి దానికి ఈ పేరు లేదు. 1611లో రోములో గెలీలియోకు విందు జరిగినప్పుడు గ్రీకు వేదాంతి జొవాన్ని దెమిసియాని ఈ పేరు పెట్టాడు. గ్రీకులో 'టేలె' అంటే దూరం, 'స్కోపెయిన్' అంటే నిదానించి చూడడం. మన 'దూరదర్శిని'కీ అర్థం అదే.

ఈ 'స్కోపెయిన్' కొత్త నిబంధనలోనూ ఉంది. ఫిలిప్పీయులకు 2:4లో, ఇతరుల సంగతులు కూడా చూడాలని చెప్పినచోట పౌలు వాడిన క్రియ ఇదే. గురుగ్రహపు చంద్రులను చూడాలంటే అద్దాలు కావాలి. పక్కింట్లో పొయ్యి వెలగలేదని చూడడానికి ఏ అద్దమూ అక్కర్లేదు. ఈ వారం మనం అలా చూద్దామా?