ముప్పావలాకు తూగిన భవిష్యత్తు

1965 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తమ చట్టసభకు ఒక ప్రత్యేక సందేశం పంపారు. బొగ్గూ చమురూ మండించడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతోందనీ, ఈ తరం భూమండలం మొత్తం మీద వాతావరణపు కూర్పునే మార్చేసిందనీ అందులో ఉంది. ఆ ఏడాది నవంబరులో ఆయన శాస్త్ర సలహాదారులు ఇదే విషయం మీద వివరంగా నివేదిక ఇచ్చారు. అంటే ప్రపంచంలో అందరికంటే బలమైన కుర్చీకి ఈ సంగతి తెలిసి అరవై ఏళ్లు దాటింది. అందుకే, వాతావరణ మార్పు చరిత్రను శాస్త్రం ఆలస్యంగా మేల్కొన్న కథగా చెబితే నాకు అన్యాయంగా తోస్తుంది. శాస్త్రం తన పని వేళకే చేసింది. 1896లోనే స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ కాగితం మీద లెక్కలు కట్టి చూపించాడు. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా మీద చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టేనాటికి పది లక్షల పాళ్లలో 315గా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. ఆ వాయువు రెట్టింపైతే భూమి సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుందని, అందులో ఒకటిన్నర డిగ్రీ అటూ ఇటూ ఉండవచ్చని 1979లో అమెరికా శాస్త్రవేత్తల చార్నీ కమిటీ చెప్పింది. ఆ అంచనా నేటికీ పెద్దగా మారలేదు.

చమురు కంపెనీలకూ తెలుసు. 1977లో ఎక్సాన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ తన యాజమాన్యానికే ఈ ముప్పు వివరించాడు. 1982లో ఆ సంస్థ లోలోపల వేసుకున్న అంచనాలు తర్వాత జరిగినదానికి చాలా దగ్గరగా వచ్చాయి. అంత తెలిసీ ఆ పరిశ్రమ 1989లో గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అనే కూటమిగా కూడి, జనంలో అనుమానాలు నాటడానికి డబ్బు పోసింది.

ఈ చరిత్రలో నా మనసు పదేపదే ఆగేది 1988, 1989 సంవత్సరాల దగ్గరే. 1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు నిలబడి, భూమి వేడెక్కడం మొదలైపోయిందని చెప్పారు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి నీడలో వాతావరణ మార్పు మీద ప్రభుత్వాల సంఘం ఐపీసీసీ పుట్టింది. అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో జార్జ్ బుష్ సీనియర్, భూతాపాన్ని శ్వేతసౌధం శక్తితో ఎదుర్కొంటానని మాట ఇచ్చారు. మరుసటి ఏడాది బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగమంతా ఇదే. వామపక్షం, కుడిపక్షం అన్న గొడవ ఇంకా దీనికి అంటుకోలేదు. మార్కెట్టునే నమ్ముకున్న నాయకురాలు స్వయంగా ప్రపంచ ఒప్పందం కావాలని అడిగిన కాలమది.

1989 నవంబరులో నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్‌లో అరవైకి పైగా దేశాల మంత్రులు సమావేశమయ్యారు. సంపన్న దేశాలు తమ ఉద్గారాలను 2000 నాటికి పెరగకుండా కట్టడి చేయాలన్నది ప్రతిపాదన. చాలా దేశాలు సిద్ధంగానే ఉన్నాయి. అమెరికా అడ్డం తిరిగింది. ఆ పట్టు వెనక శ్వేతసౌధంలో బుష్‌కు కుడిభుజమైన జాన్ సునును ఉన్నారు. జపాన్, సోవియట్ యూనియన్‌లతో పాటు, థాచర్ ఐక్యరాజ్యసమితిలో ఆ ప్రసంగం చేయడానికి ఒక్కరోజు ముందే, బ్రిటన్ కూడా అటే మొగ్గింది. అంకెలూ గడువులూ లేని ప్రకటనతో సభ ముగిసింది. మూడేళ్ల తర్వాత రియోలో సంతకాలు పడిన ఒప్పందంలోనూ కట్టుబడి తీరాల్సిన అంకె లేదు. బొగ్గు, చమురు, గ్యాస్ మండించి మనిషి ఇప్పటిదాకా గాలిలోకి వదిలినదాంట్లో సగానికి పైగా 1990 తర్వాతదే. తెలియక చేసినదానికంటే తెలిశాక చేసినదే ఎక్కువ.

ఆ తర్వాతిదంతా అదే తంతు. 1997లో క్యోటో వాతావరణ సమావేశం ఇంకా మొదలు కాకముందే అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో, వర్ధమాన దేశాలను కట్టడి చేయని ఒప్పందం తమకు వద్దని తీర్మానించింది. 2001లో జార్జ్ డబ్ల్యూ బుష్ క్యోటోను పక్కన పెట్టేశారు. 2015లో పారిస్ ఒప్పందం కుదిరితే, ట్రంప్ బయటికొచ్చారు, బైడెన్ తిరిగి చేరారు, 2025లో ట్రంప్ మళ్లీ బయటికి నడిచారు. ఏడాదికి పదివేల కోట్ల డాలర్లు పేద దేశాలకు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో సంపన్న దేశాలు ఇచ్చిన మాటకు 2020 గడువు. అది నెరవేరింది 2022లో.

నాయకులు వెనకాడినప్పుడల్లా ఎక్కువగా చెప్పిన కారణం ఖర్చే. ఆ ఖర్చు లెక్కను కూడా 2006లోనే బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ వారి ముందు పెట్టారు. ఇప్పుడు చర్య తీసుకుంటే ప్రపంచ ఆదాయంలో ఏటా 1 శాతం అవుతుంది, ఊరుకుంటే కలిగే నష్టం 5 నుంచి 20 శాతానికి సమానం అన్నారు. వెంటనే ఆర్థికవేత్తల మధ్య పెద్ద వాదం లేచింది. నూరేళ్ల తర్వాత మన మునిమనవడికి కలిగే వంద రూపాయల నష్టాన్ని ఈరోజు ఎంతగా ఎంచాలి? స్టెర్న్ వాడిన 1.4 శాతం రేటు ప్రకారం దాని విలువ నేడు పాతిక రూపాయలు. అదే 5 శాతం పెడితే ముప్పావలా. రేటు ఎక్కువ ఉండాలన్న వారిలో ముఖ్యుడు విలియం నార్డ్‌హాస్. ఆయన నమూనాలో ‘ఆర్థికంగా సముచితమైన’ దారి శతాబ్దాంతానికి 3 డిగ్రీలు దాటుతుంది. 2018 అక్టోబరు 8న ఆయనకు నోబెల్ ప్రకటించారు. సరిగ్గా అదే రోజున ఒకటిన్నర డిగ్రీ దాటితే ఏమవుతుందో చెప్పే ఐపీసీసీ నివేదిక వెలువడింది. నార్డ్‌హాస్ నిజాయితీని నేను శంకించడం లేదు, కార్బన్ మీద పన్ను వేయాలని ఆయన చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. కానీ పుట్టబోయేవారి బతుకును ముప్పావలాకు తూచే లెక్క, ఐదేళ్లకోసారి ఓట్లడిగే నాయకుడికి ఎంత హాయినిచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అతను ఆ పన్ను సంగతి వదిలేసి, తొందరేమీ లేదన్న ముక్క మాత్రమే పట్టుకున్నాడు.

డబ్బు నడిపేవారు మాత్రం ముందే పసిగట్టారు. 2015లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్ బీమా వ్యాపారుల సభలోనే, ఈ ముప్పు ద్రవ్య వ్యవస్థ స్థిరత్వానికే ఎసరు పెడుతుందనీ, మనకు అది స్పష్టంగా కనబడేసరికి సమయం మించిపోతుందనీ హెచ్చరించారు. 2023లో కాలిఫోర్నియాలో స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీ ఇళ్లకు కొత్తగా బీమా ఇవ్వడం ఆపేసింది. బీమా లేని ఇంటికి బ్యాంకు అప్పివ్వదు. ఆర్థిక నష్టం జనం గడపలోకి వచ్చేది ఇలాగే.

ఇక మన సంగతి. 1972లో స్టాక్‌హోం పర్యావరణ సభకు బయటి దేశాల నుంచి వెళ్లిన ప్రభుత్వాధినేత ఇందిరా గాంధీ ఒక్కరే. పేదరికాన్నీ పర్యావరణాన్నీ విడదీసి చూడలేమని ఆమె అక్కడ వాదించారు. చేసింది వారు, పడేది మనం అన్న భారత్ వాదనలో న్యాయముంది. ఇప్పటిదాకా పోగుబడిన ఉద్గారాల్లో అమెరికా వాటా పావు వంతు, మనది నాలుగు శాతం దరిదాపుల్లో. అయితే ఆ న్యాయాన్ని మన పాలకులు విదేశీ వేదికల మీద వినిపించినంత గట్టిగా, మన రైతుకూ కూలికీ రక్షణ కల్పించడంలో చూపలేదు. వాతావరణ మార్పు వల్ల వర్షాధార ప్రాంతాల్లో సాగు ఆదాయం 20 నుంచి 25 శాతం పడిపోవచ్చని కేంద్రం 2017–18 ఆర్థిక సర్వేలోనే రాసుకుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ రైతులకు ఆ వాక్యం ఎవరూ చదివి వినిపించక్కర్లేదు. అయినా 2020లో తెలంగాణ ప్రధానమంత్రి పంట బీమా నుంచి తప్పుకుంది. ఆంధ్రప్రదేశ్ కూడా బయటికెళ్లి 2022లో తిరిగొచ్చింది. ఆ పథకంలో లోపాలు లేవని కాదు. ప్రభుత్వాల మనసు మారినప్పుడల్లా మారే బీమాను నమ్మి ఏ రైతు విత్తనం వేస్తాడు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ఒక తుపానును పట్టుకుని ఇది భూతాపం పనే అనడం తప్పు. వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుందన్నది మాత్రం నిజం. రాష్ట్రం లెక్కగట్టిన నష్టం 21 వేల కోట్ల పైచిలుకు. ప్రధాని వచ్చి ప్రకటించిన తక్షణ సాయం వెయ్యి కోట్లు. మరుసటి మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. పోయినవారిలో ఎండలో పని చేసే కూలీలు, ముసలివాళ్లు ఎక్కువ. అప్పటికి కేంద్రం విపత్తుల జాబితాలో వడదెబ్బకు చోటు లేదు. 2030 నాటికి వేడి వల్ల భారత్ 5.8 శాతం పనిగంటలు, అంటే 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన శ్రమ కోల్పోతుందని 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేసింది.

2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. పదేళ్లు పట్టినా ఇది మంచి అడుగే. కానీ ఆ డబ్బు మనిషి పోయాక వస్తుంది. నడినెత్తిన ఎండ పడ్డప్పుడు ఉపాధి కూలీ, ఇటుక బట్టీ కూలీ, తాపీమేస్త్రీ పని ఆపి నీడకు వెళ్తే, ఆ పూట కూలికి ప్రభుత్వం పూచీ పడాలి. వేసవి రాకముందే, బడ్జెట్‌లో పద్దు రాసి మరీ.